పుట్టి మాట ఒకటే, కొలత వేరు: సర్వర్‌లో లైబ్రరీ వెర్షన్ల తగువు ఎలా పుడుతుంది

"ఏందబ్బయ్యా, పొద్దున్నించీ సైట్‌లో ధర పడడం లేదే?"

మిల్లాయన ఫోన్ చేసేటప్పటికి నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో టీ కొట్టు దగ్గర ఉన్నాను. ఎడగారు కోతలు జోరుగా సాగుతున్న రోజులు. కోవూరు వైపున్న ఆ మిల్లుకు చిన్న వెబ్‌సైట్ ఉంది. ఆ రోజు ఏ రకం ధాన్యానికి ఎంత ధర ఇస్తున్నారో రైతులు ఫోన్‌లో చూసుకుని బండి కడతారు. ముందురోజు రాత్రే దాని సర్వర్‌లో ఉన్న ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌ను 20.04 నుంచి 22.04కి మార్చాను. పాతదానికి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మే నెలాఖరుతో ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పలేదు.

పేజీ తెరుచుకుంటోంది. ధర ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఉంది. ఏం జరిగిందో సర్వర్ రాసుకునే లాగ్ తెరిస్తే ఒకటే వరస: "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్". దాని పక్కన లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 అనే ఫైలు పేరు, అది దొరకలేదన్న ఫిర్యాదు.

సర్వర్లు చూసుకునేవాళ్లలో ఈ వరస చూసి టెన్షన్ పడనివాళ్లు తక్కువ. చాలామంది చేసే మొదటి పని, ఆ ఫైలును ఎక్కడినుంచో తెచ్చి పడేయడం. కొన్నిసార్లు అది పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో, రేపు ఎందుకు చేయదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంటి రోకలి, ఊరి మిల్లు

ప్రోగ్రామ్ రాసేవాళ్లు ప్రతి పనీ మొదటినుంచీ రాసుకోరు. ఫొటో సైజు తగ్గించడం, ఫైలు కుదించడం, ఇంటర్నెట్‌లో పంపే సమాచారానికి తాళం వేయడం లాంటివి ఎవరో ముందే రాసిపెట్టి ఉంటారు. అలా రాసిపెట్టిన పనిముట్ల మూట లైబ్రరీ. దాన్ని ప్రోగ్రామ్‌తో కలపడానికి రెండు దారులున్నాయి. స్టాటిక్ పద్ధతిలో ఆ ముక్కను ప్రోగ్రామ్ ఫైల్లోనే కుట్టేస్తారు. షేర్డ్ పద్ధతిలో ప్రోగ్రామ్ లోపల "నాకు ఫలానా లైబ్రరీ కావాలి" అని చీటీ మాత్రం ఉంటుంది. లైబ్రరీ వేరేచోట ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ చీటీ చదివి, లైబ్రరీని వెతికి తెచ్చి జత చేస్తుంది.

వెనకటికి ఇంటింటా రోకలి ఉండేది, ఎవరి వడ్లు వాళ్లే దంచుకునేవాళ్లు. తర్వాత ఊరికో మిల్లు వచ్చింది. ఇంట్లో చోటు మిగిలింది, శ్రమ తగ్గింది. మిల్లులో జల్లెడ పాడైతే ఒక్కచోట బాగుచేస్తే ఊరందరి బియ్యమూ బాగుపడుతుంది. షేర్డ్ లైబ్రరీ లాభాలు కూడా ఇవే. డిస్క్‌లో ఒకే కాపీ ఉంటుంది. పది ప్రోగ్రామ్‌లు వాడినా లైబ్రరీలో మారని భాగం ర్యామ్‌లో ఒక్కసారే ఉంటుంది. సెక్యూరిటీ లోపం దొరికితే ఆ ఒక్క ఫైలు మారిస్తే చాలు.

నష్టం కూడా అక్కడే ఉంది. మిల్లాయన ఒకరోజు జల్లెడ మార్చి సన్నబియ్యానికి సరిపోయేది పెడితే, లావు వడ్లు తెచ్చినవాడి గతేమిటి? వాడు తన ఇంట్లో ఏమీ మార్చలేదు. నిన్నటిదాకా బాగానే ఆడింది. నా మిల్లు సైట్ పరిస్థితి సరిగ్గా ఇదే: ధరలు తెచ్చే ప్రోగ్రామ్‌ను నేను తాకనే లేదు.

ఫైలు పేరు చివర ఉన్న అంకె

లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీల ఫైళ్ల పేర్లు "ఎస్‌ఓ" అనే రెండక్షరాలతో, వాటి తర్వాత అంకెలతో ముగుస్తాయి. ఉదాహరణకు ఫైళ్లను కుదించే జెడ్‌లిబ్ ఉబుంటు 22.04లో ఎస్‌ఓ.1.2.11 అన్న పేరుతో ఉంటుంది. దాని పక్కనే ఎస్‌ఓ.1 అని ఒక లింకు ఉంటుంది. ప్రోగ్రామ్ చీటీలో రాసుకునేది ఈ పొట్టి పేరునే. దీన్ని ఎస్‌ఓనేమ్ అంటారు.

ఎస్‌ఓనేమ్‌లో అంకె ఒక మాట ఇవ్వడం లాంటిది. "1 అన్న పేరుతో నేనున్నంతకాలం, నన్ను నమ్ముకుని కట్టిన పాత ప్రోగ్రామ్‌లు చెడవు" అన్నది ఆ మాట. లోపల ఎన్ని మార్పులు చేసినా, వేగం పెంచినా, కొత్త పనులు చేర్చినా పేరు మారదు. పాత ప్రోగ్రామ్ చెడేలాంటి మార్పు చేస్తే మాత్రం అంకె పెంచాలి. 1995లో వచ్చిన జెడ్‌లిబ్ ఇప్పటికీ 1 దగ్గరే ఉంది, అంత పట్టుదల అందరికీ ఉండదు. ఇంటర్నెట్‌లో పంపే సమాచారానికి తాళం వేసే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, నా లాగ్‌లో కనిపించిన లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ దానిదే. దాన్ని రాసేవాళ్లు 2021 సెప్టెంబరులో 3.0 విడుదల చేసినప్పుడు ఎస్‌ఓనేమ్ 1.1 నుంచి 3కి మారింది. ఉబుంటు 20.04లో ఉన్నది 1.1, 22.04లో ఉన్నది 3. మిల్లు ప్రోగ్రామ్ చీటీలో ఉన్నది 1.1. కొత్త ఉబుంటులోకి మారుతున్నప్పుడు "పాత ప్యాకేజీలు ఇక అక్కర్లేదు, తీసేయమంటారా?" అని అడిగితే నేను ఎస్ కొట్టాను. ఆ తప్పు నాదే.

"పాత ప్రోగ్రామ్ చెడడం" అంటే ఏమిటో మన జిల్లా లెక్కతో చూద్దాం. నెల్లూరులో ధాన్యం ధర పుట్టిలో చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. గోదావరి జిల్లాల్లో 75 కిలోల బస్తా మీద మాట్లాడతారు, సర్కారు మద్దతు ధర క్వింటాలు మీద ప్రకటిస్తుంది. 2024-25లో ఏ గ్రేడ్ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే మన పుట్టికి 19,720.

ధర తెచ్చిచ్చే లైబ్రరీ ఒకటి ఉందనుకోండి. అందులో "ధర చెప్పు" అనే ఫంక్షన్ పుట్టి ధర ఇస్తుంది. మిల్లు ప్రోగ్రామ్ దాన్ని నమ్మి, రైతు తెచ్చిన 3 పుట్లకు 59,160 రూపాయలని చీటీ కొడుతుంది. లైబ్రరీ రాసినాయన ఒకరోజు "రాష్ట్రమంతా క్వింటాలే కదా" అనుకుని అదే ఫంక్షన్ క్వింటాలు ధర ఇచ్చేలా మార్చి, అంకె పెంచకుండా వదిలేశాడు. ఫంక్షన్ పేరు అదే. లోడర్‌కు ఏ అనుమానమూ రాదు. చీటీ మాత్రం 6,960 రూపాయలకు వస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఒక్కటీ ఉండదు.

నిజమైన లైబ్రరీల్లో ఇది ఎక్కువగా మెమరీ అమరికలో జరుగుతుంది. పాత వెర్షన్‌లో ఒక రికార్డులో మూడో గడిలో ఉన్నది, కొత్త వెర్షన్‌లో ఇంకో గడి చేరడం వల్ల నాలుగోదానికి జరుగుతుంది. పాత ప్రోగ్రామ్ మాత్రం అలవాటు ప్రకారం మూడో గడినే చదువుతుంది. సోర్స్ కోడ్ నుంచి కట్టిన, అంటే కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌కూ లైబ్రరీకీ మధ్య ఉండే ఈ అమరిక ఒప్పందాన్ని ఏబీఐ అంటారు. సోర్స్ కోడ్ స్థాయిలో ఏమీ మారకపోయినా ఏబీఐ మారిపోవచ్చు. అందుకే "కోడ్ అదే కదా, మళ్లీ కంపైల్ చేస్తే సరిపోయింది, ఎందుకు?" అని కుర్రాళ్లు ఆశ్చర్యపోతుంటారు. మళ్లీ కంపైల్ చేసినప్పుడు కొత్త అమరిక ప్రకారం గడుల లెక్క తిరిగి రాసుకుంటుంది మరి.

లోడర్ ఏ వరసలో వెతుకుతుంది

చీటీలో పేరుంటుంది, అడ్రస్ సాధారణంగా ఉండదు. అడ్రస్ వెతకడానికి లోడర్‌కు ఒక వరస ఉంది. కట్టినప్పుడే ప్రోగ్రామ్ లోపల "ముందు ఇక్కడ చూడు" అని దారి రాసి ఉండవచ్చు, అది ఆర్‌పాత్. తర్వాత ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్ నడిపేటప్పుడు మనం బయటినుంచి ఇచ్చే సెట్టింగు. దాని తర్వాత రన్‌పాత్, ఇది ఆర్‌పాత్‌కు తమ్ముడు లాంటిది. ఆ తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ తయారుచేసి ఉంచిన జాబితా. చివరికి సిస్టమ్ మామూలు ఫోల్డర్లు. ముందు ఎక్కడ సరిపోయే పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. ఇంకా మంచిది ముందుందేమో అని చూడదు.

అన్నదమ్ములిద్దరిలో తేడా చిన్నదే గానీ చాలా తిప్పలు పెడుతుంది. ఆర్‌పాత్ ఉంటే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో మీరేం పెట్టినా దానిదే పైచేయి. రన్‌పాత్ ఉంటే మీది గెలుస్తుంది. పైగా రన్‌పాత్ ప్రోగ్రామ్ నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు మళ్లీ అడిగే లైబ్రరీలకు వర్తించదు. ఇవాళ చాలా లినక్స్‌లలో దారి రాయమంటే రన్‌పాతే రాస్తుంది. పాత పద్ధతికి అలవాటుపడినవాళ్లకు ఇక్కడే కాలు జారుతుంది.

జాబితా సంగతి ఇంకోటి. యూఎస్ఆర్ కింద లోకల్ కింద ఉన్న లిబ్ ఫోల్డర్లో కొత్త లైబ్రరీ కాపీ చేసి ఎల్‌డీకాన్ఫిగ్ నడపకపోతే, ఫైలు కళ్లముందే ఉన్నా లోడర్ "దొరకలేదు" అంటుంది. జాబితాలో లేనిది దాని లెక్కలో లేనట్టే. అదే ఫోల్డర్‌కు ఉబుంటులో ఇంకో గుణం ఉంది: జాబితాలో సిస్టమ్ ఫోల్డర్ కంటే ముందు వస్తుంది. అందులో ఎవరైనా సొంతంగా కట్టిన లైబ్రరీ పడేస్తే, సిస్టమ్ ఇచ్చినదాన్ని అది పక్కకు తోసేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మిల్లు కథలో మళ్లీ వస్తుంది.

"దొరకలేదు" అన్నా అన్నీ ఒకటి కావు

ఆ పొద్దున నేను చేసిన పనులు వరసగా చెబుతాను. ఏ మెసేజ్ దేనికి వస్తుందో అందులోనే తెలుస్తుంది. మార్గదర్శకంగా మాత్రం తీసుకోవద్దు, కొన్ని చేయకూడని పనులే.

మొదట కొత్త లైబ్రరీకి పాత పేరుతో ఒక లింకు పెట్టాను. అంటే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 అని అడిగితే 3 చేతికొచ్చేలా. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఈ చిట్కా కనిపిస్తుంది. బస్తా మీద "పుట్టి" అని రాసినట్టు. అదృష్టంకొద్దీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఇలాంటి వేషాలను పట్టేస్తుంది. ఈసారి మెసేజ్ మారింది: "వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1_1_0 నాట్ ఫౌండ్". ఫైలు దొరికింది, తెరుచుకుంది, కానీ లోపల ప్రతి ఫంక్షన్ మీదా ఉండే ముద్ర వేరుగా ఉంది. ఆ ముద్రల సంగతి కాసేపట్లో చూద్దాం.

ముద్రలు వేయని లైబ్రరీలతో ఇదే లింకు పని చేస్తే ఏమవుతుంది? కొన్నిసార్లు "అన్‌డిఫైన్డ్ సింబల్" అని ఆగుతుంది, అంటే అడిగిన ఫంక్షన్ ఆ లైబ్రరీలో లేదు. కొన్నిసార్లు అది మొదలయ్యేటప్పుడు రాదు. ఫంక్షన్లను అవసరమైనప్పుడే వెతుక్కునే పద్ధతిలో కట్టి ఉంటే, సర్వర్ హాయిగా లేచి, రెండు రోజుల తర్వాత ఎవరో ఒక బటన్ నొక్కినప్పుడు పడిపోతుంది. ఇంకొన్నిసార్లు ఏ మెసేజూ లేకుండా పైన చెప్పిన 6,960 రూపాయల చీటీ వస్తుంది. నన్నడిగితే అన్నిటికంటే మర్యాదైన ఎర్రర్ మొదట్లో వచ్చిన "ఫైలు దొరకలేదు" అన్నదే. కనీసం తలుపు దగ్గరే చెప్పేస్తుంది.

లింకు తీసేసి, పాత 1.1 ఫైళ్లను వేరే ఫోల్డర్లో పెట్టి, ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో ఆ దారి ఇచ్చాను. టెర్మినల్‌లో ప్రోగ్రామ్ నడిచింది. ధర వచ్చింది. మిల్లాయనకు ఫోన్ చేయబోయి, సర్వీస్‌గా మొదలుపెట్టి చూస్తే మళ్లీ అదే ఎర్రర్.

"నా దగ్గర నడుస్తోంది, సర్వర్లో నడవడం లేదు" అనే మాటకు సగం కారణం ఇదే. సర్వర్లో తెరవెనుక నడిచే సర్వీసులను చూసుకునేది సిస్టమ్‌డీ. అది మొదలుపెట్టే సర్వీస్‌కు మన టెర్మినల్‌లో పెట్టుకున్న వేరియబుల్స్ తెలియవు, దానికి ఏం ఇవ్వాలో సర్వీస్ ఫైల్లో విడిగా రాయాలి. యూజర్ హక్కులు పెంచుకుని నడిచే ప్రోగ్రామ్‌లకైతే లోడర్ భద్రత కోసం ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను పట్టించుకోనే పట్టించుకోదు. ఎల్‌డీడీ అనే కమాండ్ ఏ ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీ ఎక్కడినుంచి వస్తుందో చూపిస్తుంది, చాలా ఉపయోగం. అయితే అది చూపించేది మన టెర్మినల్ కళ్లతో చూసిన బొమ్మ. నడుస్తున్న సర్వీస్ నిజంగా ఏం లోడ్ చేసుకుందో ప్రోక్ ఫోల్డర్లో ఆ ప్రాసెస్ నంబరు కింద ఉండే మ్యాప్స్ ఫైలు చెబుతుంది. నమ్మకం లేని ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ నడపకపోవడం మేలు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌ను నడిపేయగలదు.

ప్రోగ్రామ్‌ను దాని లైబ్రరీలతో సహా మూటగట్టే పెట్టెను కంటైనర్ అంటారు. ఆల్పైన్ లినక్స్ కంటైనర్లలో ఇంకో విచిత్రం ఉంది. ప్రోగ్రామ్ ఫైలు అక్కడే ఉంటుంది, నడిపితే "అలాంటి ఫైలు లేదు" అంటుంది. లేనిది ప్రోగ్రామ్ కాదు, దాని లోడర్. ఉబుంటులో కట్టిన ప్రోగ్రామ్ జీలిబ్‌సీ అనే సీ భాష లైబ్రరీ వారి లోడర్‌ను అడుగుతుంది, ఆల్పైన్‌లో ఉండేది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. దీనిమీద ఒక పూట పోగొట్టుకోనివాళ్లు అరుదు.

రెండు కొలతలూ ఒకే పుస్తకంలో

ఇప్పుడు ముద్రల సంగతి. పాతవాళ్లను చెడగొట్టకుండా కొత్తదనం తేవాలంటే ప్రతిసారీ అంకె పెంచాలా? అంకె పెంచితే దాన్ని వాడే ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ కట్టాలి. సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ మీద సర్వర్లోని దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడి ఉంటుంది. అక్కడ అంకె పెంచడమంటే ఊరంతా ఇళ్లు మళ్లీ కట్టుకోమన్నట్టు.

అందుకు వాళ్లు పట్టిన దారి, ఒకే పుస్తకంలో రెండు కొలతలూ ఉంచడం. ఒక ఫంక్షన్ ప్రవర్తన మారితే పాతదాన్ని తీసేయరు. పాతదానికి పాత ముద్ర, కొత్తదానికి కొత్త ముద్ర వేసి రెండూ ఉంచుతారు. మెమరీలో సమాచారాన్ని కాపీ చేసే మెమ్‌కాపీ అనే ఫంక్షన్ దీనికి మంచి ఉదాహరణ. మామూలు 64 బిట్ కంప్యూటర్లలో జీలిబ్‌సీ 2.14 నుంచి దానికి కొత్త ముద్ర వచ్చింది. 2.2.5 ముద్ర ఉన్న పాతదీ ఆ పక్కనే ఉంది. ఏనాటి ప్రోగ్రామ్ అయినా తనకు తెలిసిన ముద్ర ఉన్నదాన్ని అడిగి తీసుకుంటుంది. "నెల్లూరు పుట్టి" అని ఊరి పేరుతో సహా రాస్తే ఎవరూ మోసపోరు కదా.

దీనివల్ల పాత ప్రోగ్రామ్ కొత్త సర్వర్లో నడుస్తుంది. కొత్త ప్రోగ్రామ్ పాత సర్వర్లో మాత్రం నడవకపోవచ్చు. ఒంగోలులో ఒక మిత్రుడు తన లాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 మీద ప్రోగ్రామ్ కట్టి, 20.04 ఉన్న సర్వర్‌కు పంపాడు. "వెర్షన్ జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" అని వచ్చింది. 22.04లో ఉన్నది 2.35, 20.04లో 2.31. మనవాడు రాసిన కోడ్‌లో కొత్త ఫంక్షన్ ఒక్కటీ లేదు. అయినా 2.34 ముద్ర ఎందుకు పడింది? 2021లో వచ్చిన ఆ వెర్షన్‌లో, విడిగా ఉండే థ్రెడ్ల లైబ్రరీ లాంటివాటిని ప్రధాన లైబ్రరీలోనే కలిపేశారు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కే అప్పుడు కొత్త ముద్ర వచ్చింది. దాంతో ఆ తర్వాత కట్టిన ప్రోగ్రామ్ "హలో" అని ప్రింట్ చేసేదైనా సరే, 2.34 కంటే పాతదాంట్లో లేవదు.

ఈ ఎర్రర్ చూసి సర్వర్లో జీలిబ్‌సీని చేత్తో మార్చేద్దామనుకునేవాళ్లు ఉన్నారు. ఆ ఫైలు కాస్త అటూఇటూ అయితే ఫైళ్ల జాబితా చూపే కమాండ్ కూడా నడవదు, మళ్లీ లాగిన్ అవడానికీ దారి ఉండదు. బావి మోటారు బాగుచేయబోయి బావినే పూడ్చుకున్నట్టు. అందుకే ప్రోగ్రామ్‌లు పంచిపెట్టేవాళ్లు కావాలనే పాత సిస్టమ్ మీద కడతారు. 2024 జూన్ 30న సెంటోస్ 7 కాలం ముగిసేదాకా చాలామంది జీలిబ్‌సీ 2.17 ఉన్న ఆ పాత లినక్స్ మీదే కట్టడం వెనుక కారణం ఇదే.

ఒకే ప్రాసెస్‌లో ఇద్దరు

వెబ్ సర్వర్ల దగ్గర ఈ తగువు ముదరడానికి ఒక కారణం ఉంది. పేజీలు అందించే ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ, పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ లాంటివి ఒంటరిగా నడవవు. అదనపు పనులకు మాడ్యూళ్లు అనే ముక్కలు తెచ్చుకుంటాయి. పీహెచ్‌పీకి డేటాబేస్ మాడ్యూల్, ఇంటర్నెట్‌లో సమాచారం పంపి తెచ్చుకునే కర్ల్ మాడ్యూల్, ఫొటోల మాడ్యూల్ ఉంటాయి. ఒక్కో మాడ్యూల్ తన లైబ్రరీలను, అవి మళ్లీ తమ లైబ్రరీలను వెంటబెట్టుకుని వస్తాయి. అన్నీ ఒకే ప్రాసెస్‌లో కూర్చుంటాయి.

ముద్రలు లేని లైబ్రరీలైతే లినక్స్‌లో ఫంక్షన్ల పేర్లన్నీ మామూలుగా ఒకే రచ్చబండ మీద ఉన్నట్టే. ఒకే పేరుతో ఇద్దరుంటే ముందు వచ్చినవాడే పలుకుతాడు. అపాచీ ముందుగా ఒక వెర్షన్ లోడ్ చేసి, తర్వాత వచ్చిన మాడ్యూల్ ఇంకో వెర్షన్ తెస్తే, ఆ మాడ్యూల్ పిలిచిన పిలుపుకు మొదటి వెర్షన్ బదులిస్తుంది. ఒకరు తయారుచేసిన రికార్డు ఇంకొకరి చేతికి వెళుతుంది. గడుల లెక్క తప్పుతుంది. అక్కడ సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ కూలిపోతుంది, అదీ మాడ్యూళ్లు లోడ్ అయ్యే వరస మారినప్పుడే రావచ్చు. వరస మారిస్తే ఒక బగ్ మాయమైతే, అది పోయిందని నేను నమ్మను.

ముద్రలుంటే చాలావరకు ఎవరిది వాళ్లకు చేరుతుంది. మిల్లు సర్వర్లో జరిగింది ఇదే. సర్వీస్ ఎర్రర్ చూశాక, విసుగుతో ఆ పాత 1.1 ఫోల్డర్‌ను ఎల్‌డీకాన్ఫిగ్ జాబితాలోనే చేర్చేశాను. ధర పడింది. కానీ కర్ల్ కమాండ్ నడిపిన ప్రతిసారీ "నో వెర్షన్ ఇన్ఫర్మేషన్ అవెయిలబుల్" అని ఒక హెచ్చరిక, దాని పక్కన లోకల్ ఫోల్డర్ పేరు కనిపించింది. మునుపు ఈ సైట్ చూసినతను ఎప్పుడో సొంతంగా కట్టిన లిబ్‌కర్ల్‌ను (కర్ల్ లైబ్రరీ) అక్కడ వదిలి వెళ్లాడు. దానికి ముద్రలు లేవు. ఎస్‌ఓనేమ్ మాత్రం సిస్టమ్ లిబ్‌కర్ల్‌దే, 4. జాబితాలో ముందుంది కాబట్టి పీహెచ్‌పీ కూడా దాన్నే తెచ్చుకుంటోంది. ఆ లిబ్‌కర్ల్ కోరుకునేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.

మ్యాప్స్ ఫైలు తెరిస్తే పీహెచ్‌పీ ప్రాసెస్ ఒక్కదాంట్లోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 రెండూ ఉన్నాయి. ముద్రల పుణ్యమా అని రెండూ కొట్టుకోకుండా సాగుతున్నాయి. పైకి అంతా బాగుంది. లోపల మాత్రం లిబ్‌కర్ల్‌తో రైతులకు ఎస్ఎంఎస్ పంపే భాగం 2023 సెప్టెంబరు 11 తర్వాత మామూలు అప్‌డేట్లు రాని 1.1.1 మీద నడుస్తోంది. నేను సర్వర్‌ను మార్చిందే సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం! నా చేత్తోనే దానికి దొడ్డిదారి తెరిచాను.

మాడ్యూళ్ల విషయంలో ఎన్‌జిన్‌ఎక్స్ కొంచెం కఠినం, అది మంచికే. విడిగా కట్టిన మాడ్యూల్ వెర్షన్ సరిపోకపోతే "వెర్షన్ 1018000 ఇన్‌స్టెడ్ ఆఫ్ 1024000" అని చెప్పి మొదట్లోనే ఆగిపోతుంది. ఆ అంకెలు 1.18.0, 1.24.0 అన్నవే. ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారినవాళ్లకు ఇది కనిపిస్తుంటుంది.

కొత్తది వేసినా పాతదే నడవడం

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్‌డేట్ చేసుకుంది. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు లోపం ఉంది, 1.0.1జీలో సరిచేశారు. ప్యాకేజీ మార్చి ఊపిరి పీల్చుకున్న సర్వర్లలో కొన్ని అప్పటికీ ప్రమాదంలోనే ఉన్నాయి. నడుస్తున్న ప్రాసెస్ తాను మొదలైనప్పుడు తెచ్చుకున్న ఫైలునే పట్టుకుని ఉంటుంది. డిస్క్ మీద ఆ ఫైలు తీసేసినా, ప్రాసెస్ వదిలేదాకా లినక్స్ దాన్ని నిజంగా చెరిపేయదు. మ్యాప్స్ ఫైల్లో పేరు పక్కన "డిలీటెడ్" అని కనిపిస్తుంది. ఉబుంటులో అప్‌డేట్ చేశాక ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయమంటారని అడిగే ఊదారంగు తెర, నీడ్‌రీస్టార్ట్, ఈ పని కోసమే ఉంది.

కంటైనరా, స్టాటిక్కా, ఉన్నదే నయమా

ఇన్ని తిప్పలున్నప్పుడు ఎవరి రోకలి వాళ్లు తెచ్చుకుంటే పోలా? గో భాషలో రాసేవాళ్లు ఎక్కువగా అదే చేస్తారు, ఒక్క ఫైలు కాపీ చేస్తే ప్రోగ్రామ్ నడుస్తుంది. కంటైనర్లు నడిపే డాకర్‌లో ప్రోగ్రామ్ తనకు కావలసిన లైబ్రరీలన్నీ ఇమేజ్ అనే మూటగా కట్టుకుని వస్తుంది, సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ మాత్రం అందరిదీ ఒకటే. ఒకే సర్వర్లో 1.1 కావాల్సిన ప్రోగ్రామ్, 3 కావాల్సిన ప్రోగ్రామ్ రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడకుండా నడుస్తాయి. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకు ఇది ఇష్టం, ఆ ఇష్టంలో న్యాయం ఉంది. తాము పరీక్షించిన కలయికే జనం దగ్గర నడుస్తుందన్న భరోసా వాళ్లకు దొరుకుతుంది.

లినక్స్‌ను సర్ది జనానికి అందించే డెబియన్ లాంటి పంపిణీలను నడిపేవాళ్ల వాదన వేరు. ఒక లైబ్రరీలో లోపం దొరికితే ఒక్కచోట సరిచేసి అందరినీ కాపాడగలగాలి అంటారు. దానికి 2021 డిసెంబరు అనుభవం గట్టి సాక్ష్యం. లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. దాన్ని వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు తమ మూటలో ఒక్కో కాపీ పెట్టుకుని ఉన్నాయి. ఎక్కడెక్కడ ఉందో వెతకడానికే కంపెనీలకు వారాలు పట్టింది.

షేర్డ్ పద్ధతికి చేదు అనుభవం లేదనీ కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ వెర్షన్ 5.6.0, 5.6.1లలో ఎవరో కావాలని పెట్టిన దొంగ ద్వారాన్ని బయటపెట్టాడు. లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతోందని అనుమానం వచ్చి తవ్వితే దొరికింది. ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే లైబ్రరీ, లాగిన్ ప్రోగ్రామ్ ఎస్ఎస్‌హెచ్‌కు దానితో నేరుగా పనే లేదు. కొన్ని పంపిణీలు ఎస్ఎస్‌హెచ్‌ను సిస్టమ్‌డీ లైబ్రరీతో కలిపాయి, అది ఎక్స్‌జెడ్‌ను వెంటతెచ్చింది. పిలవని పేరంటానికి వచ్చినవాడు ఇంటి తాళాల గుత్తి దగ్గర కూర్చున్నాడు.

చిన్న సర్వర్లు చూసుకునేవాడిగా నాకు ఇందులో ఒక పక్షం లేదు. 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద ఐదు వేర్వేరు ఇమేజ్‌లు నడిపితే ఒకే లైబ్రరీకి ఐదు కాపీలు ర్యామ్‌లో కూర్చుంటాయి. కంటైనర్ ఇమేజ్ ఒకసారి కట్టి మరిచిపోతే, పైన ఉబుంటు ఎంత తాజాగా ఉన్నా లోపల 2020 నాటి లైబ్రరీలే నడుస్తుంటాయి. నా 1.1 ఫోల్డర్ కథే, కాకపోతే పెట్టెలో పెట్టి మూత వేసినట్టు. మరోవైపు, సోర్స్ కోడ్ లేని పాత ప్రోగ్రామ్‌ను నడపక తప్పనప్పుడు దాన్ని కంటైనర్లో బంధించి, బయటి ప్రపంచంతో సంబంధం తగ్గించడం కంటే మెరుగైన దారి నాకు కనిపించలేదు.

మిల్లు సైట్‌కు అంతదూరం పోవాల్సిన పని పడలేదు. ధరల ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ మిల్లు ఆఫీసులో మూలన పడున్న కంప్యూటర్లో దొరికింది. 22.04 మీద మళ్లీ కడితే చీటీలో 1.1 పోయి 3 వచ్చింది, కోడ్‌లో రెండు చోట్ల మాత్రం పాత ఫంక్షన్లు మార్చాల్సి వచ్చింది. లోకల్ ఫోల్డర్లోని లిబ్‌కర్ల్ తీసేసి, నేను తెచ్చిపెట్టిన 1.1 ఫోల్డర్‌నూ జాబితాలోనుంచి తొలగించి, పీహెచ్‌పీ రీస్టార్ట్ చేసి, మ్యాప్స్ ఫైలు మరోసారి చూశాను. ఒక్క ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎలే ఉంది.

పొద్దుగూకే వేళకు ధర పడింది. మిల్లాయన ఫోన్‌లో చూసుకుని, "అబ్బయ్యా, ఇది పుట్టికేనా, క్వింటాలుకా?" అన్నారు. పుట్టికే అని చెప్పాను.